పెన్ను చేతిలో ఉండగానే చెప్పాల్సిన పాఠం

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే. నేను లెక్కల టీచర్ని. ముందు హైస్కూల్లో, ఇప్పుడు కాలేజీలో చెప్తున్నా. పిల్లలకి డబ్బు గురించి ఎలా చెప్పాలి అని మాట్లాడమన్నారు, నాకు తెలిసింది క్లాసులో చూసిందే కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతా.

ఒక అమ్మాయి ఉండేది, నా దగ్గర హైస్కూల్లో చదువుకుంది, చక్రవడ్డీ చాప్టర్ టెస్టులో ఇరవైకి ఇరవై. కాలేజీలో చేరాక రెండేళ్ళకి ఒకరోజు ఫోన్ పట్టుకుని నా దగ్గరికొచ్చింది, "మేడమ్, లాప్‌టాప్ వాయిదాల మీద తీసుకున్నా, పది శాతమే వడ్డీ, బానే ఉంది కదా" అంది. స్క్రీన్ చూపించింది. పైన పెద్ద అక్షరాల్లో 10 శాతం అని ఉంది, కింద బూడిదరంగు చిన్న అక్షరాల్లో ఫ్లాట్ అని ఇంకో ముక్క ఉంది. లెక్క సులువుగా ఉండటానికి అప్పు 12,000 అనుకుందాం, ఏ దేశం డబ్బైనా పర్లేదు. 10 శాతం అంటే ఏడాదికి వడ్డీ 1,200. మొత్తం 13,200. పన్నెండు నెలలకి పంచితే నెలకి 1,100. ఇంతవరకూ అంతా కరెక్టే అనిపిస్తుంది కదా.

నేను ఒకే ఒక్క ప్రశ్న అడిగా. "ఆరు నెలలు కట్టేశావనుకో, అప్పుడు వాళ్ళ డబ్బు నీ దగ్గర ఎంత ఉన్నట్టు?" ఆలోచించి, "సగం ఉంటుంది మేడమ్" అంది. "మరి వడ్డీ దేని మీద కడుతున్నావ్?" అన్నా. మాట్లాడలేదు. స్క్రీన్ మళ్ళీ పైనుంచి కిందకి జరిపింది, కిందనుంచి పైకి జరిపింది, తర్వాత మెల్లగా "మొత్తం మీద" అంది.

అంతే విషయం. ఫ్లాట్ అంటే ఇదే, కడుతున్నకొద్దీ అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదట తీసుకున్న మొత్తం మీదే వేస్తారు. మొదటి నెల ఆ అమ్మాయి చేతిలో ఉన్న అసలు 12,000, చివరి నెల 1,000. సగటు తీస్తే 6,500. అంటే ఆ ఏడాదంతా తను నిజంగా వాడుకున్నది సగటున 6,500, దాని మీద 1,200 వడ్డీ, అంటే 18 శాతం పైనే. సగటుతో కాకుండా పద్ధతి ప్రకారం నెల నెలా వేసుకుంటూ పోయినా 18 దగ్గరే వస్తుంది. పైగా ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం ముందే కోసేసుకున్నారు, అది కూడా కలిపితే దాదాపు 22. పది అనుకున్నది ఇరవైరెండు. మనసు చాలా కష్టమైంది నాకు, ఎందుకంటే ఆ లెక్క చెయ్యడానికి కావాల్సిందంతా నేనే నేర్పా, ఆ అమ్మాయికి వచ్చు కూడా. వచ్చినది అవసరమైన రోజున గుర్తుకు రాలేదు.

అప్పట్నుంచి నా ఆలోచన ఒక్కటే. డబ్బు పాఠం ఏం చెప్పాలి అన్నదానికంటే ఎప్పుడు చెప్పాలి, ఏ కాగితం ముందు పెట్టుకుని చెప్పాలి అన్నది ముఖ్యం. పెన్ను చేతిలో ఉండగా చెప్పాలి. సంతకం అయిపోయాక చెప్పేది చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, మరీ నాలుగేళ్ళ ముందు చెప్పింది పరీక్షతో పాటే పోతుంది.

ఇది నా ఒక్కదాని అనుభవమేనా అని తర్వాత కొంచెం చదివా. 2014లో ఫెర్నాండెస్, లించ్, నెటెమేయర్ అని ముగ్గురు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన 201 అధ్యయనాల్ని కలిపి చూశారు. మనుషులు డబ్బు విషయంలో నడుచుకునే తీరులో కనిపించే తేడాల్లో ఈ పాఠాలు వివరించగలిగింది 0.1 శాతమే అని తేలింది. శాతంలో పదో వంతు! పైగా ఎన్ని గంటలు చెప్పినా 20 నెలలు దాటేసరికి ఆ ప్రభావం దాదాపు మిగలట్లేదన్నారు. వాళ్ళు ఇచ్చిన సలహా కూడా ఇదే, నిర్ణయం తీసుకునే సమయానికి దగ్గరగా చెప్పండి అని. అది చదివినప్పుడు నాకు ఆ బూడిదరంగు అక్షరాలే గుర్తొచ్చాయి.

అయితే అక్కడితో ఆగిపోయి "ఇంకెందుకు చెప్పడం" అనుకోకూడదు. 2022లో కైజర్, లుసార్డి, మెన్‌ఖాఫ్, అర్బన్ అనే నలుగురు మళ్ళీ లెక్క తీశారు. ఈసారి లాటరీ తీసినట్టు కొందరికి పాఠం చెప్పి కొందరికి చెప్పకుండా పోల్చిన ప్రయోగాలనే తీసుకున్నారు, అలాంటివి 76, 33 దేశాల్లో, లక్షా అరవై వేలమందికి పైగా మనుషుల మీద. అందులో పాఠాలు పనిచేస్తున్నాయనే వచ్చింది, తెలివిడిలోనూ నడవడికలోనూ, అంత త్వరగా మాసిపోతున్నట్టు కూడా కనపడలేదు. రెండూ చదివాక నాకర్థమైంది ఏంటంటే, చెప్పడం వల్ల లాభం ఉంది, కానీ ఎలా పడితే అలా చెప్తే లేదు.

హైస్కూల్ పిల్లల మీద జరిగిన వాటిల్లో నాకు బాగా నచ్చింది బ్రెజిల్ ప్రయోగం. 2010, 2011 సంవత్సరాల్లో 892 స్కూళ్ళు, పాతికవేలమంది దాకా పిల్లలు. కొత్త సబ్జెక్ట్ పెట్టలేదు, లెక్కల్లో, సోషల్లో, భాషలో, ఉన్న క్లాసుల్లోనే ఈ పాఠాలు కలిపేశారు. పిల్లలు దాచుకోవడం పెరిగింది, ఖర్చు రాసుకోవడం పెరిగింది, ఇంకా మంచి సంగతి, ఇంట్లో అమ్మానాన్నల తీరు కూడా మారింది, పిల్లలు ఇంటికెళ్ళి మాట్లాడారు కాబట్టి. కానీ అదే ప్రయోగంలో ఇంకోటి కూడా బయటపడింది, దాన్ని మనం దాచకూడదు. పాఠం విన్న పిల్లలు వస్తువులు కొనడానికి ఖరీదైన అప్పు వాడటం కూడా పెరిగింది! అప్పు అంటే ఏంటో తెలిసింది, భయం పోయింది, దిగారు. ఏళ్ళ తర్వాత అదే పిల్లల్ని మళ్ళీ చూస్తే ఖరీదైన అప్పుల జోలికి వెళ్ళడం తగ్గింది. అంటే మధ్యలో ఒక దశ ఉంటుంది, సగం తెలిసిన దశ, అప్పుడు మనం పక్కన ఉండాలి. హైస్కూల్లో చెప్పేసి వదిలేస్తే ఆ దశలో పిల్లలు ఒంటరిగా ఉంటారు. అందుకే కాలేజీలో కూడా చెప్పాలంటున్నా.

ఇప్పుడు క్లాసులో ఏం చేస్తానో చెప్తా. కొంచెం ఓపిగ్గా వినండి, ఇదే అసలు విషయం.

క్రెడిట్ కార్డ్ స్టేట్‌మెంట్‌లో మినిమమ్ డ్యూ అని, అంటే ఆ నెల కనీసం కట్టాల్సింది, ఒక గడి ఉంటుంది. చాలామంది పిల్లలు, పెద్దవాళ్ళు కూడా, అది కట్టేస్తే ఆ నెలకి గొడవ వదిలింది అనుకుంటారు. లేట్ ఫీజు పడదు, నిజమే. వడ్డీ మాత్రం ఆగదు. ఇది నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు నా క్లాసులో. ఒకసారి ఏం చేశానంటే, ముప్ఫై రెండుమంది పిల్లలున్నారు ఆరోజు, ఒక్కొక్కళ్ళు ఒక్కో నెల అన్నా. బోర్డు మీద అప్పు 10,000 అని రాశా. నెలకి 3 శాతం వడ్డీ, మినిమమ్ 5 శాతం, కొత్తగా ఒక్క వస్తువు కూడా కొనట్లేదు. మొదటి అబ్బాయి లేచాడు, వడ్డీ 300 కలిపితే 10,300, అందులో 5 శాతం అంటే 515 కట్టేశాం, మిగిలింది 9,785. రాశాడు, కూర్చున్నాడు. రెండో అమ్మాయి 9,575 దగ్గరికి తెచ్చింది. మూడు, నాలుగు, ఐదు... మొదట్లో గబగబా వచ్చి రాశారు, ఏడో ఎనిమిదో నెలకి వచ్చేసరికి "ఇన్ని నెలలు కట్టినా ఇంకా ఎనిమిదివేల నాలుగొందలు ఉందేంట్రా" అని వెనక బెంచీలో గుసగుస. పన్నెండో నెలకి 7,700 దగ్గర ఆగింది. అప్పుడు ఒక్క నిమిషం ఆపి, ఇప్పటిదాకా కట్టినవన్నీ కూడమన్నా. 5,500. ఏడాదిలో జేబులోంచి పోయింది ఐదున్నర వేలు, అప్పు తగ్గింది రెండువేల మూడొందలు.

ఎవ్వరూ మాట్లాడలేదు. మిగతావాళ్ళు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వచ్చి రాస్తూనే ఉన్నారు. ముప్ఫై రెండో అబ్బాయి చివరి బెంచీ నుంచి వచ్చి రాసిన అంకె 5,000కి కొంచెం తక్కువ. రెండేళ్ళ ఎనిమిది నెలలు, అప్పుడు సగం అయింది. అప్పటికి కట్టింది మొత్తం 12,000. పదివేలు అప్పు చేసి పన్నెండువేలు కట్టాక ఇంకా ఐదువేలు బాకీ. ఆ అబ్బాయి సుద్దముక్క పట్టుకుని అక్కడే నిలబడి "ఇది మా అన్నయ్యకి చూపించాలి మేడమ్" అన్నాడు, ఫోటో తీసుకోవచ్చా అని అడిగాడు. తీసుకోమన్నా. బ్రెజిల్‌లో ఇంటిదాకా వెళ్ళింది అన్నారే, అది ఇలాగే వెళ్ళి ఉంటుంది.

అదే రోజు నెలకి 3 శాతం అంటే ఏడాదికి ఎంత అని అడిగితే అందరూ 36 అంటారు. కట్టకుండా వదిలేస్తే వడ్డీ మీద వడ్డీ పడి 42.6 అవుతుంది. ఇక్కడ 72 సూత్రం కూడా చెప్పేయొచ్చు, 72ని వడ్డీ రేటుతో భాగిస్తే డబ్బు రెట్టింపయ్యే కాలం సుమారుగా వచ్చేస్తుంది, నెలకి 3 అయితే 24 నెలలు. ఇది కొత్తదేం కాదు, 1494లో వెనిస్‌లో అచ్చయిన లూకా పచోలీ లెక్కల పుస్తకంలోనే ఉంది. అదే సూత్రం ధరలకీ పనిచేస్తుంది, ధరలు ఏడాదికి 6 శాతం పెరుగుతుంటే పన్నెండేళ్ళలో అన్నీ రెట్టింపు. పిల్లలకి ఈ ముక్క తగలాలి, ఎందుకంటే డబ్బాలో దాచిన డబ్బు అలాగే ఉంటుంది అనుకుంటారు వాళ్ళు.

పద్దెనిమిదేళ్ళకే నెలనెలా దాచడం మొదలుపెడితే అరవై ఏళ్ళకి ఇంతవుతుంది అని ఒక చార్ట్ వేసి చూపిస్తారు కదా, నేను దాన్ని మొదటి క్లాసులో వాడను. లెక్క తప్పు కాదు, కానీ ఏటా ఒకే రాబడి వస్తుందన్నట్టు గీస్తారు, అలా ఎప్పుడూ రాదు, పైగా ధరల పెరుగుదల అందులో తియ్యరు. 8 శాతం వచ్చినా ధరలు 6 పెరిగితే నిజంగా మిగిలేది 2 శాతం కూడా లేదు. అన్నిటికీ మించి పదహారేళ్ళ పిల్లాడికి అరవై ఏళ్ళ వయసు ఊహకి అందదు. వాడికి వచ్చే నెల ఊహకి అందుతుంది. అక్కడ మొదలుపెట్టాలి.

వచ్చే నెల అంటే ఏంటి? హైస్కూల్ పిల్లల చేతిలో ఉన్నది ఫోన్. ఫ్రీ ట్రయల్ అని నొక్కుతారు, ఏడు రోజుల తర్వాత దానంతటదే డబ్బు కట్ అవుతుంది, రద్దు చేసే బటన్ ఎక్కడో నాలుగు మెనూల లోపల ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోవడమే ఒక పీరియడ్ పెట్టండి, చాలా మంచి పాఠం అది. గేముల్లో డబ్బుని నాణేలుగా, వజ్రాలుగా మార్చి అమ్ముతారు, ఒక్క వజ్రం అసలు డబ్బులో ఎంత అని భాగహారం చేయించండి. ఓటీపీ, పిన్ ఎవరికీ చెప్పకూడదు అన్నది అందరూ చెప్తున్నారు, సంతోషం. కానీ ఇంకోటి ఎవరూ చెప్పట్లేదు. "నీ అకౌంట్ కొన్నాళ్ళు వాడుకోనీ, అందులో పడ్డ డబ్బు ఇంకోచోటికి పంపు, నీకు కమీషన్ ఇస్తా" అని కాలేజీ పిల్లల్ని అడిగేవాళ్ళుంటారు. అది దొంగసొమ్ము దాటించే పని. పేరు, సంతకం పిల్లాడివి, పోలీసులు ముందు వచ్చేది వాడి దగ్గరికే. స్నేహితుడు అడిగాడు కదా అని మొహమాటానికి పోతారు. మొహమాటం లేకుండా కాదనడం కూడా నేర్పాల్సిన విద్యే, నేను క్లాసులో ఇద్దరిని నిలబెట్టి ఒకళ్ళు అడగాలి ఇంకొకళ్ళు కాదనాలి అని చేయిస్తా, మొదట నవ్వులాటలాగే ఉంటుంది, మూడోసారికి గొంతులో గట్టిదనం వస్తుంది.

కాలేజీకి వచ్చాక కాగితాలు మారతాయి. చదువు అప్పు, అందులో చదువుతున్నన్నాళ్ళూ వడ్డీ పెరుగుతుందా లేదా అన్న ఒక్క లైను. ఫ్రెండ్ అప్పుకి హామీ సంతకం, వాడు కట్టకపోతే నువ్వు కట్టాలి అన్నది హామీ అనే మాటకి అర్థం. మొదటి జీతం స్లిప్పు, చెప్పిన జీతానికీ చేతికొచ్చేదానికీ తేడా ఎందుకు. వీటిలో ప్రతిదానికీ అసలు కాగితం, పేరు చెరిపేసింది, తెచ్చి బల్ల మీద పెట్టండి. మాటల్లో చెప్పొద్దు.

త్వరగా డబ్బు రెట్టింపు చేసే స్కీముల గురించి ఒక్క మాట. చార్లెస్ పోంజీ 1920లో బోస్టన్‌లో 45 రోజుల్లో 50 శాతం లాభం అన్నాడు, కొత్తవాళ్ళ డబ్బు పాతవాళ్ళకిచ్చాడు, ఆ ఏడే కూలిపోయింది. ఈ కథ చెప్పి ఊరుకోను, ఒకటిన్నరని ఎనిమిదిసార్లు హెచ్చించమంటా, ఏడాదికి 45 రోజులవి ఎనిమిది కాబట్టి. 25 రెట్లు పైన వస్తుంది. అప్పుడు వాళ్ళే అంటారు, ఏ వ్యాపారం ఏడాదికి పాతిక రెట్లు సంపాదిస్తుంది అని.

ప్రశ్న అడుగుతున్నారు, చెప్పండి... సిలబస్సే అవ్వట్లేదు, ఇవన్నీ ఎప్పుడు చెప్పాలి అంటున్నారు. న్యాయమైన ప్రశ్న. పీసా పరీక్ష తెలుసు కదా, ఓఈసీడీ అనే దేశాల సంఘం వాళ్ళు పదిహేనేళ్ళ పిల్లలకి పెట్టేది. 2012లో మొదటిసారి 18 దేశాలు, ప్రాంతాల్లో డబ్బు తెలివిడి మీద పెట్టారు, షాంఘై పిల్లలు మొదట వచ్చారు, వాళ్ళే లెక్కల్లోనూ మొదటివాళ్ళు. అందులో ఒక ప్రశ్న ఉంది, జెడ్ అని ఊహించిన డబ్బు. ఒకమ్మాయికి బట్టల బిల్లు వచ్చింది, టీషర్టులు మూడు అని వేశారు, తను తెప్పించుకున్నది రెండే. టీషర్టు ఒకటి 20, పన్ను 10 శాతం, పోస్టేజీ 10, మిగతా బట్టలతో కలిపి మొత్తం 153. సరైన బిల్లు ఎంత? చాలామంది 153లోంచి 20 తీసేసి 133 అంటారు, మా స్టాఫ్‌రూమ్‌లో కూడా అన్నారు. పన్ను కూడా 2 తగ్గాలి, జవాబు 131. ఇది లెక్కల క్లాసు కాదంటారా? శాతాల చాప్టర్ ఎలాగూ ఉంది, బారువడ్డీ, చక్రవడ్డీ ఎలాగూ ఉన్నాయి. ఉదాహరణ మార్చండి చాలు. పది నిమిషాలు.

ఇంకో సంగతి కచ్చితంగా చెప్పాలి. దయచేసి పిల్లల్ని "మీ ఇంటి ఖర్చులు రాసుకురండి" అనొద్దు. నేను ఒకసారి అన్నా. ఒక పిల్ల ఖాళీ కాగితం ఇచ్చింది, మందలించా, క్లాసయ్యాక వచ్చి వాళ్ళ నాన్న అప్పులవాళ్ళకి భయపడి ఫోన్ ఎత్తట్లేదని చెప్పింది. ఆ పిల్లని నలుగురిలో మందలించినందుకు నేనిప్పటికీ బాధపడతా. అప్పటినుంచి ఊహించిన కుటుంబం ఒకటి తయారుచేసుకున్నా, దానికే బడ్జెట్ వేయిస్తా. అప్పుల్లో ఉన్న ఇళ్ళు అన్నీ జల్సా చేసి అప్పుల్లో పడలేదు. జబ్బులు వస్తాయి, పనులు పోతాయి. అప్పు చేసి పప్పుకూడు అని ఒక్క సామెతతో తేల్చేస్తే, ఆ ఇంటి పిల్ల ఇంక ఎప్పుడూ నోరు తెరవదు, అడగాల్సిన రోజున అడగదు. మన దగ్గరికి వచ్చి అడగగలిగితేనే కదా, పెన్ను చేతిలో ఉండగా మనం ఉండగలిగేది.

అలాగే స్కూలుకొచ్చి ఉచితంగా పాఠం చెప్తాం అనే కంపెనీలు, చివర్లో ఒక ఫారం పంచుతాయి. పాఠం తీసుకోండి, ఫారం పంచనివ్వొద్దు. అమ్మేవాళ్ళు కొనడం నేర్పకూడదని నా గట్టి అభిప్రాయం.

చివరి ప్రశ్న... సోమవారం మొదటి క్లాసులో ఏం చెయ్యాలి? ఏదో ఒక అప్పు ప్రకటన, పిల్లల ఫోన్లలో వచ్చేదే, ప్రింట్ తీసి పంచండి. మూడు ప్రశ్నలు రాయించండి. చేతికి వచ్చేది ఎంత, మొత్తం కట్టేది ఎంత, ఒక నెల కట్టలేకపోతే ఏమవుతుంది. మూడోదానికి జవాబు ఆ కాగితంలో దొరకదు చాలాసార్లు. దొరకలేదు అని వాళ్ళతోనే రాయించండి.

ఆ లాప్‌టాప్ అమ్మాయి పన్నెండు వాయిదాలూ కట్టేసింది, ఒక్కటి కూడా ఆలస్యం కాలేదు. మొన్నామధ్య మళ్ళీ వచ్చింది, పక్కన ఇంకో అమ్మాయి, హాస్టల్ రూమ్‌మేట్. ఆ అమ్మాయి చేతిలో ఫోన్, అదే రకం స్క్రీన్. "ఇంకా నొక్కలేదు మేడమ్, ముందు మీకు చూపిద్దామని నేనే ఆపా" అంది. కూర్చోబెట్టి కాగితం ఇచ్చా. సగటు లెక్క ఆ అమ్మాయికి తనే చెప్పింది, నేను చెప్పాల్సిన పని పడలేదు.